అడిగిన ధర – అందిన ధర
(పాత కార్ల బజారు చెప్పే పాఠం)

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను లెక్కల విభాగంలోనే పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. జమ, ఖర్చు, నిల్వ – ఈ మూడు మాటల మధ్యనే ముప్ఫై నాలుగేళ్లు గడిచిపోయాయి. చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారు నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ చెవుల్లో ఉంది: "రావలసింది రాబడి కాదు నాయనా! చేతికందిన రోజున రాసేదే జమ." ఆఫీసులో ఆ పాఠం ఏనాడూ మరిచిపోలేదు. పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చాక మాత్రం ఒక్కసారి మరిచిపోయాను. దాని ఖరీదెంతో ఈ వ్యాసం చివర లెక్కగట్టి చెబుతాను.

మా మామగారు తెనాలిలో డాక్టరు. 1967లో ఆయన ఫియట్ 1100 కారు కొన్నారు. కొన్నారనటం కన్నా దక్కించుకున్నారనటం సబబు. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తేగాని కారు వచ్చేది కాదు. మా పెళ్లి ఊరేగింపు ఆ కారులోనే జరిగింది. 1989లో ఆయన కాలం చేశారు. మా బావమరిది అమెరికా వెళుతూ కారును మాకు అప్పగించాడు. అప్పటినుంచీ అది మా పెరటి రేకుల షెడ్డులోనే ఉండిపోయింది.

2014లో విజయవాడ ఆటోనగర్ మెకానిక్కు ఒకాయన వచ్చి, చూసి, లక్షా పదివేలకు అడిగాడు. అంతకు వారం ముందే ఒక ఆదివారం పత్రికలో అలాంటి ఫియట్టుకే ఆరు లక్షలని ప్రకటన చూసి ఉన్నాను. "ఐదు లక్షలకు పైసా తగ్గను" అన్నాను. ఆయన నవ్వి, "ఆరు లక్షలని వేసుకున్నాయనకు ఎవరైనా ఆరు లక్షలు ఇచ్చారేమో కనుక్కున్నారా సార్?" అని అడిగి వెళ్లిపోయాడు.

నేను కనుక్కోలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు కనుక్కోవటం మొదలుపెట్టాను. ఒక్క ఫియట్ గురించి మొదలైన వాకబు లండను, కాలిఫోర్నియా, టోక్యోల దాకా పోయింది. అలా తెలుసుకున్న చరిత్రనే మీ ముందు ఉంచుతున్నాను. ఇది కార్ల కథే అయినా, గ్రాట్యుటీ సొమ్ము చేతిలో పెట్టుకుని దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే మనబోటివాళ్లందరికీ సంబంధించిన కథ.

రాజులు కొనని రాజుగారి కారు

పాత కార్ల ధరల చరిత్రలో అందరూ చెప్పుకునే బండి బుగాటి రాయల్. ఫ్రాన్సులోని ఆల్సేస్ ప్రాంతంలో మోల్‌షైమ్ అనే ఊళ్లో ఎత్తోరె బుగాటి కార్ల కర్మాగారం నడిపేవాడు. 1920ల చివర ఆయన రాజులకు తగిన కారు తయారు చేస్తానని పూనుకున్నాడు. 12.7 లీటర్ల ఇంజను. బాడీ కట్టకముందే, ఒట్టి చాసిస్ ధరే సుమారు 30 వేల డాలర్లు. ఇరవై అయిదు చేద్దామని ఆయన సంకల్పం. ఇంతలో 1929 నాటి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చివరికి నిలిచినవి ఆరు బండ్లు, అమ్ముడైనవి మూడు. రాజుల కోసం చేసిన ఆ కారును ఒక్క రాజూ కొనలేదు. అల్బేనియా రాజు కొంటానని వస్తే ఆయన భోజనం చేసే తీరు నచ్చక బుగాటి అమ్మలేదని ఒక కథ మాత్రం ప్రచారంలో ఉంది. మిగిలిపోయిన ఇంజన్లను వృథా చేయకుండా ఫ్రెంచి రైలు కార్లకు బిగించారు.

అంటే చరిత్రలో అంతటి ఘనమైన కారుకు కూడా మొదట్లో ఉన్నది అడిగిన ధరే గాని అందిన ధర కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పట్టుకుపోతారేమోనని అమ్ముడుపోని రాయల్ కార్లను ఒక ఇంట్లో పెట్టి, అడ్డంగా గోడ కట్టి దాచారు. యుద్ధం ముగిశాక, 1950లో, బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ రేసు కార్ల ప్రియుడు రెండు రాయల్ కార్లను బుగాటి కుటుంబం దగ్గర కొన్నాడు. కొద్దిపాటి సొమ్ముకు తోడు రెండు కొత్త ఫ్రిజ్‌లు కూడా ఇచ్చాడని చెబుతారు. యుద్ధంలో చితికిపోయిన ఫ్రాన్సులో అప్పుడు కారుకన్నా ఫ్రిజ్జే అపురూపం మరి. ధర అనేది వస్తువులో ఉండదు, ఆ వేళకు కొనేవాడి అవసరంలో, అమ్మేవాడి అవసరంలో ఉంటుందనటానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

1980ల పిచ్చి

ఆ తర్వాత మూడు దశాబ్దాలకు కాలం తిరిగింది. 1986లో అమెరికాలోని నెవాడాలో విలియం హారా అనే జూదశాలల యజమాని సేకరించిన కార్లను, ఆయన పోయిన కొన్నేళ్లకు, వేలం వేశారు. అందులో ఒక రాయల్ 65 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన దాన్ని ఎక్కువకాలం ఉంచుకోకుండానే డొమినోస్ పిజ్జా వ్యవస్థాపకుడు టామ్ మోనహాన్‌కు 81 లక్షల డాలర్లకు అమ్మాడు.

1987 అక్టోబరు 19న ప్రపంచమంతటా షేర్ మార్కెట్లు కుప్పకూలాయి. సరిగ్గా నెల తర్వాత, నవంబరులో, లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో క్రిస్టీస్ సంస్థ ఇంకో రాయల్‌ను వేలం వేసింది. ఇది కనింగ్‌హామ్ 1950లో తెచ్చుకున్న రెండింటిలో ఒకటి. హాన్స్ టూలిన్ అనే స్వీడన్ స్థిరాస్తి వ్యాపారి 55 లక్షల పౌండ్లకు పాడుకున్నాడు. షేర్లు పడిపోయిన నెలలోనే ఒక పాత కారు అంత ధర పలకటంతో, కాగితాల మీది ఆస్తికన్నా కంటికి కనబడే ఆస్తే మేలనే మాట అందరి నోటా వినబడసాగింది.

ఆ మాటకు బలమిచ్చిన కారణాలు మరికొన్ని ఉన్నాయి. బ్రిటనులో వ్యక్తిగత కారు అమ్మి లాభం పొందితే దానిపై మూలధన లాభాల పన్ను లేదు. కారు అరిగిపోయే వస్తువు గనుక దాన్ని మినహాయించారు. ఆ మినహాయింపే పాత కార్ల వ్యాపారులకు వరమైంది. జపానులో 1985 తర్వాత యెన్ బలపడింది. 1987 నుంచి కేంద్ర బ్యాంకు వడ్డీ రెండున్నర శాతమే. అప్పు తేలికగా దొరికింది. ఒక జపాను బీమా కంపెనీ వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పూల చిత్రాన్ని 1987 మార్చిలో రెండు కోట్ల 47 లక్షల పౌండ్లకు కొన్నది. చిత్రాల వెంట కార్లు వచ్చాయి. 1988 ఆగస్టు 14న ఎంజో ఫెరారీ మరణించాడు. ఇక ఆయన చేతి మీదుగా కార్లు రావు గదా అని ఫెరారీ బండ్ల ధరలు మరింత ఎగబాకాయి.

ఫెరారీలలో 250 జీటీవో అనే రకం ఉంది. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే తయారయ్యాయి. కొత్తలో అమెరికాలో దాని ధర సుమారు 18 వేల డాలర్లు. రేసుల కాలం దాటాక 1960ల చివర అవి పాత బండ్ల కింద కొద్ది వేల డాలర్లకే చేతులు మారేవి. 1989లో అలాంటి బండినే ఒక జపాను కొనుగోలుదారు కోటి 46 లక్షల డాలర్లకు కొన్నాడు.

ఇక్కడ ఒక్కమాట గమనించాలి. ఆ కోటి 46 లక్షలు నిజంగా చేతులు మారిన డబ్బు. అది అబద్ధం కాదు. అయితే ఆ వార్త చదివినవాళ్లు ఎందరు! ఫెరారీ ఉన్న ప్రతివాడూ తన బండి ధర పెంచాడు. అతన్ని చూసి జాగ్వార్ ఉన్నవాడు, అతన్ని చూసి ఎం.జి. ఉన్నవాడు పెంచారు. పత్రికలలో రకరకాల కార్లకు, స్థితిని బట్టి మూడు నాలుగు వరసల్లో ధరల పట్టికలు అచ్చయ్యేవి. అద్దంలా మెరిసే బండికి రాసిన పై వరస ధరను, తుప్పు పట్టిన బండి యజమాని తనదిగా చెప్పుకునేవాడు. కొండ మీద ఒక్క దీపం వెలిగితే ఊరంతా పండగని దండోరా వేసినట్టయింది.

మన పల్లెల్లో పశువుల సంత చూసినవారికి తెలుసు. దళారులు తుండుగుడ్డ కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని బేరమాడేవారు. పక్కవాడికి ధర తెలియకూడదు. ఒక ఎద్దుకు ఇచ్చిన ధర వింటే మిగతా ఎడ్ల యజమానులందరూ అదే అడుగుతారని కొనేవాడి భయం. ఆ మోటు దళారుల లోకజ్ఞానం ముందు లండను వేలంశాలలు చిన్నబోతాయి.

కోటి పదిహేను లక్షలు వద్దన్న మనిషి

ఇప్పుడు టూలిన్ గారి దగ్గరికి వద్దాం. 55 లక్షల పౌండ్లకు, అనగా అప్పటి లెక్కలో సుమారు 97 లక్షల డాలర్లకు కొన్న బండిని ఆయన 1989లో అమెరికాలోని లాస్ వేగస్‌లో మళ్లీ వేలానికి పెట్టాడు. పాట కోటి 15 లక్షల డాలర్ల దాకా వచ్చింది. రెండేళ్లలో అంత లాభం ఏ వ్యాపారంలో వస్తుంది? కాని ఆయన కనీస ధర, వేలం భాషలో రిజర్వు ధర, కోటిన్నర డాలర్లు. అంతకు తగ్గనని పాటను తిరస్కరించాడు.

ఆయన అదృష్టవంతుడు. తన వ్యాపార సామ్రాజ్యం కూలుతున్న వేళ, 1990లో, మెయ్‌టెక్ అనే జపాను కంపెనీ ఆ బండిని కోటి 57 లక్షల డాలర్లకు తీసుకున్నట్టు వార్తలు వచ్చాయి. ఆ కంపెనీ దాన్ని తన భవనం నేలమాళిగలో ఉంచింది. పదకొండేళ్ల తర్వాత, 2001లో, అదే కారును కోటి పౌండ్లకు అమ్మజూపారు. ఆనాటి మారకం రేటు ప్రకారం అది సుమారు కోటి 44 లక్షల డాలర్లు. అదైనా అడిగిన ధరే సుమా! పదకొండేళ్ల వడ్డీ, బీమా, కాపలా ఖర్చు పక్కన పెట్టినా, అడిగినదే అసలుకు తక్కువ.

ఈ పదకొండేళ్లలో ఏం జరిగింది? బ్రిటనులో బ్యాంకు వడ్డీ 1988 మే నాటికి ఏడున్నర శాతం. 1989 అక్టోబరుకల్లా 15 శాతానికి చేరింది. అప్పు తెచ్చి కారు కొన్నవాడికి ఊపిరాడలేదు. జపానులో షేర్ల సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర శిఖరాన్ని తాకి, అక్కణ్ణుంచి జారటం మొదలుపెట్టింది. 1990 ఆగస్టుకల్లా అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ ఆరు శాతమైంది. అదే ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కొనేవాళ్లు మాయమయ్యారు. 1989లో కోటి 46 లక్షలకు కొన్న ఆ ఫెరారీ 1994లో సుమారు 35 లక్షల డాలర్లకు చేతులు మారింది. రూపాయిలో పావలా మిగిలిందన్నమాట.

అయితే మార్కెట్టు పడిపోయిన విషయం చాలామందికి వెంటనే తెలియలేదు. ఎందుకంటే ధరలు పడిపోయినప్పుడు అమ్మేవాళ్లు అడిగే ధర తగ్గించరు, అమ్మకం మానేస్తారు. ప్రకటనలో పాత అంకే ఉంటుంది. కొనేవాడు రాడు. లావాదేవీ జరగదు గనుక కొత్త ధర నమోదు కాదు. ప్రాణం పోయిన ధర కూడా పత్రికలో నెలల తరబడి బతికున్నట్టే కనిపిస్తుంది. మన ఊళ్ల చుట్టూ లేఅవుట్లలో ప్లాట్లు కొన్న మిత్రులకు ఈ సంగతి నేను వివరించనక్కరలేదు.

బుకింగు రసీదుల భాగ్యం

ఆ రోజుల్లో పాత కార్లే కాదు, ఇంకా పుట్టని కార్లు కూడా బేరానికి వచ్చాయి. జాగ్వార్ కంపెనీ 1988లో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో ఎక్స్‌జే220 అనే నమూనా చూపింది. మరుసటి ఏడాది, పన్నులు కాకుండా 2 లక్షల 90 వేల పౌండ్ల ధరతో, 50 వేల పౌండ్ల డిపాజిట్టుతో బుకింగులు తీసుకుంది. కట్టినవాళ్లలో చాలామంది నడపటానికి కట్టలేదు. బండి రాగానే ఎక్కువకు అమ్ముకుందామని కట్టారు. 1992లో బండి వచ్చేసరికి ధర 4 లక్షల 70 వేల పౌండ్లయింది. చూపించిన పన్నెండు సిలిండర్ల ఇంజను బదులు ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. అప్పటికి మార్కెట్టే లేదు. కొన్నవాళ్లు ఒప్పందం నుంచి బయటపడటానికి దారులు వెతుక్కున్నారు. కొందరు కోర్టుకెక్కారు. 350 చేద్దామనుకున్న బండ్లు 300 కూడా పూర్తికాలేదు.

ఇది చదివినప్పుడు నాకు మన రోజులే గుర్తొచ్చాయి. మన దేశంలో కారు, స్కూటరు అన్నీ వంతు ప్రకారం వచ్చేవి. బజాజ్ స్కూటరు అలాట్‌మెంటు చేతికొస్తే చాలు, అసలు ధర మీద ఎంతో కొంత "ప్రీమియం" కలిపి కొనటానికి మనుషులు ఇంటి ముందు నిలబడేవారు. 1983లో మారుతి కారుకు పదివేలు డిపాజిట్టు కట్టించుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి కారు తాళాలు అందజేశారు. ధర 47,500 రూపాయలు. ఆ బుకింగు కాగితానికి కూడా బజారులో రేటు ఉండేది. ఆఫీసులో మన సహోద్యోగులు కొందరు ఆ ప్రీమియంతో ఆడపిల్ల పెళ్లి ఖర్చులో కొంత గట్టెక్కినవారే. 1991 తర్వాత కొత్త కంపెనీలు వచ్చాయి. వంతులు పోయాయి. ప్రీమియం కూడా వాటితోనే పోయింది. అప్పటిదాకా మనం వస్తువుకు ధర చెల్లిస్తున్నామనుకున్నాం. నిజానికి కొరతకు చెల్లించాం.

మళ్లీ వచ్చిన జోరు

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పాశ్చాత్య దేశాల్లో వడ్డీలు అడుగంటాయి. మళ్లీ డబ్బు పాత కార్ల వైపు నడిచింది. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలో బాన్‌హామ్స్ వేలంలో ఒక 250 జీటీవో మూడు కోట్ల 81 లక్షల డాలర్లు పలికిందని ప్రపంచమంతా చెప్పుకుంది. లెక్కల మనిషిని గనుక నేను చూసింది వేరే సంగతి. సుత్తి దెబ్బ పడిన పాట మూడు కోట్ల 46 లక్షల చిల్లర. దాని మీద కొనేవాడు వేలం సంస్థకు కట్టే పది శాతం కమీషను కలిపితే ఆ పెద్ద అంకె వచ్చింది. పత్రికల్లో పడేది కమీషను కలిపిన అంకె. అమ్మినవాడికి ముట్టేది అది కాదు. రికార్డుగా చెప్పుకునే అంకెలోనే పదకొండో వంతు మధ్యవర్తిదన్నమాట.

2018లో ఇంకో జీటీవో నాలుగు కోట్ల 84 లక్షల డాలర్లు తెచ్చింది. 2022 మేలో మెర్సిడెస్ కంపెనీ తన దగ్గరున్న రెండు 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే కార్లలో ఒకదాన్ని 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మింది. ఇంతవరకు ఏ కారుకూ వేలంలో అంత ధర రాలేదు. ఇవన్నీ నిజాలే. కాని 2023 నవంబరులో న్యూయార్కులో ఒక ఫెరారీ ఆరు కోట్ల డాలర్లకు పైగా పలుకుతుందని అంచనా ప్రకటించగా, వచ్చింది ఐదు కోట్ల 17 లక్షలు, అదీ కమీషనుతో కలిపి. అంచనా ఆరు కోట్లని విన్నవాళ్లకు అదే గుర్తుండిపోతుంది.

ఇక 2019 ఆగస్టులో కాలిఫోర్నియాలోనే జరిగిన వేలం సంగతి వింటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఫెర్డినాండ్ పోర్షే 1939లో తయారు చేయించిన టైప్ 64 అనే కారు అది. అంచనా రెండు కోట్ల డాలర్ల పైమాట. పాట మొదలైంది. వేలం వేసే ఆయన "థర్టీన్" అంటే తెర మీద అంకెలు వేసే వ్యక్తికి "థర్టీ" అని వినబడింది. మూడు కోట్లని తెర మీద పడింది. జనం ఈలలు, కేకలు. "ఫోర్టీన్" నాలుగు కోట్లయింది. అలా ఏడు కోట్ల దాకా పోయింది. సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పుడు వేలంవేసే ఆయన ఆగి, "ఏడు కోట్లు కాదు, కోటి 70 లక్షలు" అని సవరించాడు. జనం గోలగోల చేశారు. కోటి 70 లక్షల దగ్గర పాట ఆగింది. కనీస ధర రాలేదని బండి అమ్ముడుపోలేదు. కొద్ది నిమిషాలు ఒక అంకె తెర మీద వెలిగింది, ఆరిపోయింది. నా ఆరు లక్షల ఫియట్ ప్రకటన కూడా అంతే కదా అనిపించింది.

మన దగ్గరి సంగతి

ఏ పాత బండికి విలువ వస్తుంది? తయారైనప్పటి ఇంజనే ఇంకా ఉందా, చాసిస్ నంబరు అసలుదేనా, మొదటినుంచీ ఎవరెవరి చేతుల్లో ఉంది, దానికి కాగితాలు ఉన్నాయా – ఈ పుట్టుపూర్వోత్తరాలే ధర నిర్ణయిస్తాయి. వేలల్లో, లక్షల్లో తయారైన బండికి ఆ అపురూపత ఉండదు. హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్ కారును 1950ల చివరినుంచి 2014 వరకు తయారు చేశారు. 2017లో ఆ పేరును ఒక ఫ్రెంచి కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. కొన్నది పేరును మాత్రమే, మన షెడ్డులోని ఇనుమును కాదు.

నిజమైన అపురూపం ఏమిటో చూడాలంటే మన హైదరాబాదులోనే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అక్కడ ఉంది. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం కాలంలో ఉత్సవాలకు తప్ప దాన్ని బయటికి తీయలేదు. ఇన్నేళ్లలో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. మన సంస్థానాల కార్లెన్నో ఒకప్పుడు చౌకగా విదేశాలకు తరలిపోయాయి. తర్వాత ప్రభుత్వం ఎగుమతిని కట్టడి చేసింది. ఈ బండి మాత్రం ఇక్కడే నిలిచింది. దాని దగ్గర ధర చీటీ లేదు. మనవళ్లను తీసుకెళ్లి చూపించండి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం "వింటేజ్" వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటి ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, మరమ్మతు అవసరాలకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. అంటే "వింటేజ్" అనే మాట ఒక బాధ్యత, ధర పెంచే మంత్రం కాదు. పాత బండి ఉన్న మిత్రులు ముందు కాగితాలు సరిచూసుకోవటం మంచిది.

నా లెక్క

ఇక నేను మాట ఇచ్చిన లెక్క. ఆటోనగర్ ఆయన్ను పంపించేశాక నాకు పట్టుదల వచ్చింది. బాగుచేయిస్తే ఐదు లక్షలెందుకు రావని, మా ఆవిడ వద్దంటున్నా వినక, గ్రాట్యుటీ డిపాజిట్టులోంచి తీసి ఇంజను బోరింగు, టింకరింగు, పెయింటింగు, సీట్లు చేయించాను. ఖర్చు 2,40,000 రూపాయలు. మూడేళ్లు ప్రకటనలిచ్చాను. మొదట ఐదు లక్షలు, తర్వాత నాలుగు, ఆ తర్వాత మూడు. చూడటానికి వచ్చినవాళ్లు ఫొటో దిగి వెళ్లేవారు. చివరికి 2019లో, కార్లంటే ఇష్టమున్న ఒక కుర్ర ఇంజనీరు 1,45,000కు తీసుకున్నాడు. నష్టం 95,000. మొదట వచ్చిన 1,10,000 ఖర్చు లేకుండా తీసుకుని ఉంటే వచ్చేదానితో పోలిస్తే తేడా 2,05,000. పోయిన వడ్డీ వేరే. ఐదు లక్షల రాబడి అని నేను మనసులో రాసుకున్న పద్దు ఏ రోజూ జమ కాలేదు.

మిత్రులకు మనవి చేసేది ఇంతే. కారైనా, ప్లాటైనా, బంగారమైనా, "ఎంతకు అడుగుతున్నారు" అని కాక "ఎంతకు కొన్నారు, డబ్బు ముట్టిందా" అని వాకబు చేయండి. అమ్ముడుపోనివి ఎన్నో కూడా కనుక్కోండి. వాటి గురించి ఎవరూ ప్రకటన వేయరు. మధ్యవర్తి కమీషను తీసేసి లెక్క వేయండి. ఇంటి జ్ఞాపకం కోసం ఉంచుకోదలిస్తే సంతోషంగా ఉంచుకోండి, దానికి ధర కట్టకండి. అమ్మదలిస్తే అమ్మేయండి. రెంటికీ చెడి షెడ్డులో తుప్పు పట్టనివ్వకండి. అన్నింటికన్నా ముఖ్యం, పెన్షన్ మీద బతికేవాళ్లం గనుక ఎవరో అడిగిన ధరను నమ్మి డిపాజిట్టు విరగ్గొట్టవద్దు.

ఆ కుర్రాడు మొన్న దసరాకు కారు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. శుభ్రంగా ఉంచాడు. మా ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వీధి చివరి దాకా తిప్పి తీసుకొచ్చాడు. ఆవిడ దిగి కళ్లు తుడుచుకుంటూ, "నాన్నగారి బండి తిరుగుతోంది, అంతే చాలు. ఇక మీరు ఆ లెక్క మూసేయండి" అంది.

మూసేశాను. అందుకే మీకు రాయగలిగాను.